గుయ్యిమనే మైకు సెట్టు, మూడు పొలాల అవతలి కెపాసిటర్

మీలో ఎంతమందికి ఎలిమినేటర్ గుర్తుంది? సినిమా పేరు కాదండీ. వాక్‌మన్‌లో వారం వారం సెల్స్ మార్చే స్థోమత లేక కోఠి గుజరాతీ గల్లీలో కొనుక్కొచ్చుకునే నల్లటి డబ్బా. ఒకవైపు ప్లగ్గు, ఇంకోవైపు నాలుగు రకాల పిన్నులున్న తోక, పక్కన వోల్టేజి మార్చుకునే బుల్లి స్విచ్చు. దాన్ని తగిలించగానే పాటతో పాటు ఒక బొంగురు మోత కూడా ఉచితంగా వచ్చేది. పాట జోరుగా నడుస్తుంటే తెలీదు. పల్లవికీ చరణానికీ మధ్య ఖాళీలో మాత్రం గుయ్య్‌మని పలకరించేది. సెల్స్ వేస్తే మాయం, మళ్ళీ ఎలిమినేటర్ పెడితే ప్రత్యక్షం.

ఈ మోత గురించి రాయాలని చాలా రోజులుగా ఉంది. మొన్న సంగారెడ్డి వెళ్ళినప్పుడు చిన్నాయన ఇంట్లో అటక దులుపుతుంటే ఆయన పాత మైకు సెట్టు యాంప్లిఫైయర్ బయటపడింది. ఇరవై ఏళ్ళ పైబడి అక్కడే ఉంది. మూత విప్పి చూస్తే లోపల ఫిల్టర్ కెపాసిటర్లు, బొద్దుగా, పైన రేకు కాస్త ఉబ్బి ఉన్నాయి. వాటిని చూడగానే ఒక పెళ్ళి గుర్తొచ్చింది. ఆ పెళ్ళి సంగతి చెప్పాలంటే ముందు కొంచెం చరిత్ర చెప్పాలి, ఓపిక పట్టండి.

ఎలిమినేటర్ అనే పేరు ఎక్కడిదో ఎప్పుడైనా ఆలోచించారా? దేన్ని ఎలిమినేట్ చేస్తుంది? బ్యాటరీని. 1920ల మొదట్లో రేడియోలన్నీ బ్యాటరీల మీదే నడిచేవి. వాల్వు ఫిలమెంట్ వేడెక్కడానికి ఒక బ్యాటరీ, ప్లేటుకి ఎక్కువ వోల్టేజి ఇవ్వడానికి ఇంకో బ్యాటరీల దొంతర. యాసిడ్ కారేది, తివాచీలు కాలేవి, చార్జింగ్‌కి మోసుకెళ్ళాలి. గోడలో కరెంటు ఉంది కదా, దాన్నే వాడుకుందామంటే అది ఏసీ. అటూ ఇటూ ఊగే ఆ కరెంటుని రెక్టిఫైయర్‌తో ఒకే దిక్కుకి తిప్పినా ఊగిసలాట పోదు, ఆ ఊగిసలాటే స్పీకర్లో మోత. అమెరికాలో ఫిల్కో కంపెనీ అసలు బ్యాటరీల కంపెనీ. 1925 ప్రాంతంలో వాళ్ళు గోడ కరెంటుతో పనిచేసే ఎలిమినేటర్లు అమ్మి బాగా సంపాదించారు. అదే 1925లో కెనడాలో ఎడ్వర్డ్ రోజర్స్ అనే కుర్రాడు అసలు బ్యాటరీయే అక్కర్లేని రేడియో మార్కెట్లోకి తెచ్చాడు. 1927 కల్లా నేరుగా ఏసీ మీద నడిచే వాల్వులు అమెరికాలో కూడా వచ్చేశాయి, ఫిల్కో ఎలిమినేటర్ల వ్యాపారం పడిపోయింది. వాళ్ళు ఏడుస్తూ కూర్చోకుండా 1928లో రేడియోలే తయారు చెయ్యడం మొదలుపెట్టి తర్వాత ఆ రంగంలోనే పెద్ద కంపెనీల్లో ఒకటయ్యారు. (మన మేనేజర్లు "పైవట్" అంటుంటారే, అది ఇదే. కాకపోతే వాళ్ళు పవర్‌పాయింట్ లేకుండా చేశారు.) అమెరికాలో వస్తువు పోయింది, పేరు మాత్రం సముద్రాలు దాటొచ్చి మన గుజరాతీ గల్లీలో దశాబ్దాల పాటు బతికింది.

ఆ రోజుల్లో మోతని ఎలా అణిచేవాళ్ళంటే, దారిలో ఒక చోక్, అంటే ఇనప ముక్క మీద చుట్టిన తీగ, దానికి అటూ ఇటూ కెపాసిటర్లు. వాల్వులకి వోల్టేజి మూడొందల దాకా కావాలి గానీ కరెంటు మిల్లీఆంపియర్లలోనే కాబట్టి 8 మైక్రోఫారడ్ల చిన్న కెపాసిటర్ కూడా సరిపోయేది. ఇందులో నాకు బాగా నచ్చిన పిసినారి తెలివి ఒకటుంది. 1930ల స్పీకర్లలో చాలావాటికి శాశ్వత అయస్కాంతం ఉండేది కాదు, తీగచుట్ట లోంచి కరెంటు పంపి అయస్కాంతం చేసేవాళ్ళు. ఆ చుట్టనే పవర్ సప్లైలో చోక్‌గా కూడా వాడేశారు! ఒకే తీగచుట్ట, రెండు ఉద్యోగాలు. అయితే దాంట్లో మిగిలిన ఊగిసలాట స్పీకర్లో మోతగా వస్తుంది కదా, దానికి ఎదురుగా ఇంకో చిన్న చుట్టని తిరగేసి కలిపి మోతతో మోతని కొట్టేశారు.

ట్రాన్సిస్టర్లొచ్చాక లెక్క తలకిందులైంది. వోల్టేజి నలభై యాభైకి దిగింది, కరెంటు ఆంపియర్లకి ఎక్కింది. అంత కరెంటుకి చోక్ పెట్టాలంటే ఇటుకంత అవుతుంది. అందుకని చోక్ పోయింది, కెపాసిటర్ బలిసింది. మన ఇళ్ళ మీది సింటెక్స్ ట్యాంకు లాంటిదే అనుకోండి. మున్సిపాలిటీ నీళ్ళు కాసేపే వస్తాయి, ఆ కాసేపట్లో ట్యాంకు నిండాలి, రోజంతా కుళాయి ఒకే ధారగా రావాలి. మన 50 హెర్ట్జ్ కరెంటుని నాలుగు డయోడ్ల బ్రిడ్జి గుండా పంపితే ఈ ట్యాంకు సెకనుకి వంద సార్లు నిండుతుంది. వంద మధ్యలో మట్టం ఎంత పడుతుందో చూడాలంటే కరెంటుని వందతోనూ, కెపాసిటర్ విలువతోనూ భాగించడమే. యాంప్లిఫైయర్ 2 ఆంపియర్లు తాగుతుంటే, 4700 మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెడితే, 4 వోల్టుల పైచిలుకు ఊగుతుంది. ట్యాంకు రెట్టింపు చేస్తే సగమవుతుంది.

చిన్నాయన యాంప్లిఫైయర్లో ఉన్నవి సరిగ్గా అవే 4700లు. అవుట్‌పుట్‌కి 2ఎన్3055 ట్రాన్సిస్టర్లు. ఆ నంబరు తెలియని మైకు సెట్టు మెకానిక్ మన దేశంలో ఉండేవాడు కాదు. ఆయన పాశమైలారంలో ఒక ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్. జనరల్ షిఫ్ట్ అయ్యాక సంగారెడ్డి వచ్చి మైకు సెట్టు అద్దెకిచ్చేవాడు. రెండు హారన్లు, రెండు బాక్సులు, ఒక టేప్ రికార్డర్, ఆయన చేత్తో బిగించిన ఈ డబ్బా. పటాన్‌చెరు నుంచి సదాశివపేట దాకా పెళ్ళిళ్ళు, వినాయక చవితులు, ఓట్ల ప్రచారాలు. ఎండాకాలం సెలవుల్లో వైర్లు చుట్టే ఉద్యోగం నాది.

1995 మే నెలలో సదాశివపేట అవతల ఒక పల్లెలో పెళ్ళి. సాయంత్రం బరాత్‌కి సెట్టుని 12 వోల్టుల కారు బ్యాటరీ మీద నడిపాం. గాజు పలక లాంటి సౌండు. రాత్రి పందిట్లో ఇంటి కరెంటు మీదికి మార్చాం. తొమ్మిది దాటాక మొదలైంది. అయ్యగారు మైకు దగ్గర మంత్రం చదువుతుంటే ఆయన గొంతు కింద బుర్ర్‌మని ఒక మోత. మైకు వాల్యూమ్ పెంచితే అదీ పెరుగుతుంది. చిన్నాయన ఎర్త్ చూశాడు, మైకు వైరు మార్చాడు, కనెక్టర్లు ఊడదీసి మళ్ళీ పెట్టాడు. తగ్గలేదు. పెళ్ళికూతురి తండ్రి నలుగురిలో నిలబెట్టి అనాల్సినవన్నీ అన్నాడు. పొద్దున్న ఎనిమిది వందలకి నాలుగొందలే చేతిలో పెట్టాడు. చిన్నాయన తిరిగి ఒక్క మాట అనలేదు. ట్రాలీ ఆటోలో ఇంటికొచ్చేదాకా హారన్ పట్టుకుని కూర్చున్నాడు. నాకు పదహారేళ్ళు, కోపం ఆగలేదు. కానీ ఎవరి మీద కోపపడాలో తెలీలేదు.

మర్నాడు ఆయన కోఠి వెళ్ళి ఇంకో జత 4700లు తెచ్చి పాతవాటికి కలిపాడు. ట్యాంకు రెట్టింపు. తర్వాతి ప్రోగ్రాంలో స్విచ్చు వేయగానే టప్ మంది, బ్రిడ్జిలో రెండు డయోడ్లు ఎగిరిపోయాయి. ఖాళీ కెపాసిటర్ మొదటి క్షణంలో దాదాపు షార్ట్ సర్క్యూట్ లాంటిది. ట్యాంకు ఎంత పెద్దదైతే ఆ మొదటి గుటక అంత పెద్దది, చిన్న డయోడ్లు తట్టుకోలేవు. పెద్ద డయోడ్లు వేశాడు. డయోడ్లు నిలిచాయి, మోత పోలేదు.

ఎందుకు పోలేదో నాకు ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో అర్థమైంది. మోత వస్తున్నది పెద్ద కెపాసిటర్లున్న పవర్ స్టేజి నుంచి కాదు. మైకు నుంచి వచ్చే అతి చిన్న సిగ్నల్‌ని పెంచే ముందరి స్టేజి ఒకటుంటుంది. దానికి ట్రాన్స్‌ఫార్మర్లో వేరే 15 వోల్టుల చుట్ట, ఒక 7812 రెగ్యులేటర్ ఐసీ. ఈ ఐసీ తనకి వచ్చే వోల్టేజి ఎంత ఊగినా బయటికి కచ్చితంగా 12 ఇస్తుంది, ఒకే ఒక్క షరతు మీద. లోపలికి ఎప్పుడూ 14కి తక్కువ రాకూడదు. గోడలో 230 ఉంటే ఆ చుట్ట నుంచి డయోడ్లు దాటి దాదాపు 20 వోల్టులు వస్తుంది, దర్జాగా సరిపోతుంది. గోడలో 160 ఉంటే? 13 చిల్లర. అంతే, రెగ్యులేటర్ చేతులెత్తేస్తుంది. అప్పుడది ఫిల్టరూ కాదు, రెగ్యులేటరూ కాదు, ఒట్టి తీగ. ఊగిసలాట నేరుగా మైకు స్టేజిలోకి వెళ్ళి, అక్కణ్ణించి వందల రెట్లు పెరిగి హారన్లలోంచి ఊరంతా వినిపిస్తుంది. పవర్ స్టేజి సంగతి కూడా అంతే. తక్కువ వోల్టేజిలో గట్టిగా వాయిస్తే సిగ్నల్ పైకప్పుని కొడుతుంది, ఆ కప్పే ఊగుతోంది కాబట్టి గట్టి స్వరాల మీద బొంగురు అచ్చు పడుతుంది. మనవాళ్ళ భాషలో చెప్పాలంటే, ప్రొడక్షన్లో బగ్ ఒక మాడ్యూల్లో ఉంటే ఆయన ఇంకో మాడ్యూల్‌కి ర్యామ్ పెంచాడు.

ఆ రాత్రి పందిట్లో వోల్టేజి ఎంతుందో నాకెలా తెలుసంటే, చిన్నాయన మీటరు పెట్టి చూస్తుంటే టార్చి పట్టుకున్నది నేనే. ముల్లు 160 దగ్గర వణుకుతోంది. అప్పుడు నాకా అంకె విలువ తెలీదు.

ఇక్కడ నేను చాలా ఏళ్ళు ఒక పొరపాటులో ఉన్నాను, ఒప్పేసుకుంటాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎవరైనా అడిగితే "అప్పట్లో సదరన్ గ్రిడ్ అంత అధ్వాన్నంగా ఉండేది, అందుకే" అని జవాబిచ్చేవాణ్ణి. గ్రిడ్ అధ్వాన్నంగా ఉన్న మాట నిజమే. డిమాండ్‌కి తగ్గ ఉత్పత్తి లేక, తొంభైల్లో దక్షిణాది ఫ్రీక్వెన్సీ గంటల తరబడి 48.5 కింద నడిచేది, ఒక్కోసారి 48 దగ్గరికి జారేది. ఇంటర్లో పౌనఃపున్యం అని చదువుకున్నాం చూడండి, అదే. దీంట్లో మన ప్రాంతానికి ఒక తమాషా సంబంధముంది. పటాన్‌చెరుకి కూతవేటు దూరంలో రామచంద్రాపురం. అక్కడి బీహెచ్ఈఎల్ 1960ల్లో చెకోస్లొవేకియా సాయంతో మొదలైన టర్బైన్ల ఫ్యాక్టరీ. ఫ్రీక్వెన్సీ అంటే చివరికి అలాంటి టర్బైన్లు తిరిగే వేగమే. నిమిషానికి 3000 చుట్లు తిరిగితే 50 హెర్ట్జ్, 2910 తిరిగితే 48.5. తక్కువ వేగంలో ఎక్కువసేపు నడిస్తే చివరి వరస పొడవాటి బ్లేడ్లు ఇష్టం లేని లయలో వణికి పగుళ్ళిచ్చే ప్రమాదముంది. టర్బైన్లు చేసే ఊరి పక్కనే, టర్బైన్లు నీరసంగా తిరిగే కరెంటు.

ఈ నీరసాన్ని చెవితో కూడా వినొచ్చు. ఏసీ మోటారు రికార్డు ప్లేయర్ల కాలంలో 48.5 హెర్ట్జ్ మీద రికార్డు వేస్తే పాట మూడు శాతం నెమ్మదించి, శ్రుతి సుమారు అర స్వరస్థానం దిగేది. ఘంటసాల గొంతు ఇంకాస్త గంభీరంగా వినిపించిందంటే అందులో విద్యుత్ బోర్డు వాటా కూడా ఉండొచ్చు!

దీన్ని బాగు చేసిన కథ మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి బాగా నచ్చుతుంది. అవైలబిలిటీ బేస్డ్ టారిఫ్, ఏబీటీ అంటారు. కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ 2000 జనవరిలో ఆర్డరిచ్చింది, దక్షిణాదిలో 2003 జనవరి 1 నుంచి అమలైంది. భానుభూషణ్ అనే ఇంజనీరుని దీని రూపకర్తగా చెప్పుకుంటారు. రోజుని 15 నిమిషాల చొప్పున 96 ముక్కలు చేశారు. ఏ రాష్ట్రం ఏ ముక్కలో ఎంత లాగుతుందో ముందే షెడ్యూల్. షెడ్యూల్ దాటి లాగితే ఆ యూనిట్లకి ధర ఎంత? ఆ క్షణంలో ఫ్రీక్వెన్సీ ఎంతో దాన్నిబట్టి. మొదట్లో 50.5 ఉంటే సున్నా. పడేకొద్దీ పెరుగుతూ 49 దగ్గర 4 రూపాయల 20 పైసలు. అందరికీ ఒకేసారి ధర తెలియజెయ్యడానికి సర్వర్ అక్కర్లేదు, నెట్‌వర్క్ అక్కర్లేదు. ఏ ప్లగ్గులో మీటరు పెట్టినా కనిపిస్తుంది, దేశంలో అన్ని గ్రిడ్ల మీదా ఇంత చవకైన బ్రాడ్‌కాస్ట్ ఇంకోటి లేదు. కొద్ది నెలల్లోనే దక్షిణాది ఫ్రీక్వెన్సీ దారికొచ్చింది. 2013 డిసెంబర్ 31న రాయచూర్-షోలాపూర్ లైనుతో సదరన్ గ్రిడ్ మిగతా దేశంతో ఒకే లయలో కలిసింది. ఇప్పుడు మీటరు పెడితే అంకె 50కి అటూ ఇటూ వెంట్రుకవాసిలో ఉంటుంది.

దీనికో చీకటి కోణముంది, అదీ చెప్పాలి. ఫ్రీక్వెన్సీ పడితే కట్టాల్సిన డబ్బు పెరుగుతుంది. తప్పించుకోవడానికి రెండే దారులు, ఉత్పత్తి పెంచడం లేదా ఏదో ఒక ఫీడర్ ఆపడం. రెండోది నిమిషంలో అయ్యే పని. ఎవరి ఫీడర్ ఆగుతుందో మీకు తెలుసు, జూబ్లీహిల్స్‌ది కాదు.

సరే, నా పొరపాటు ఏంటంటే, ఫ్రీక్వెన్సీ గ్రిడ్ మొత్తానికీ ఒకటే, వోల్టేజి మాత్రం ఏ ఊరిది ఆ ఊరిదే. ఫ్రీక్వెన్సీ 48.5కి పడితే చిన్నాయన డబ్బాలో ఆ 20 వోల్టులు పెద్దగా మారవు. ట్యాంకు సెకనుకి వందకి బదులు తొంభై ఏడు సార్లు నిండుతుంది, అంతే. కాబట్టి 2003 సంస్కరణ 1995లోనే వచ్చి ఉన్నా ఆ రాత్రి పందిట్లో 160 అలాగే ఉండేది. ఆయన్ని నలుగురిలో నిలబెట్టింది ఢిల్లీ లెక్కలు కాదు. ఊరి ట్రాన్స్‌ఫార్మర్, దాని మీదున్న బోరు మోటార్లు.

మన మెదక్ జిల్లా (సంగారెడ్డి విడిగా జిల్లా అయింది 2016లో కదా) వ్యవసాయం చాలావరకు బోర్ల మీదే. రాత్రి త్రీ ఫేజ్ కరెంటు రాగానే అన్ని మోటార్లూ ఒకేసారి లేచేవి. రైతు అర్ధరాత్రి పొలానికి పోయే బాధ లేకుండా ఆటో స్టార్టర్ బిగించుకునేవాడు. అందరి క్రాన్ జాబులూ ఒకే సెకనుకి పెట్టినట్టన్నమాట. మోటారు మొదలయ్యేటప్పుడు మామూలు కన్నా అయిదారు రెట్లు లాగుతుంది, వోల్టేజి దబ్బున పడుతుంది, పడితే మోటార్లు ఊపందుకోలేక ఇంకా లాగుతాయి. తక్కువ వోల్టేజికి సరిపోయేలా వైండింగ్ చేయించుకున్న లోకల్ మోటార్లు మరీ ఎక్కువ లాగుతాయి.

ఇంకోటి. ఇండక్షన్ మోటారు పని చెయ్యడానికి లాగే కరెంటుతో పాటు, అయస్కాంతం కోసం ఇంకొంత కరెంటు ఊరికే అటూ ఇటూ తిప్పుతుంది. బిల్లుకెక్కదు, పని చెయ్యదు, కానీ లైను మొత్తం ప్రయాణిస్తుంది. మోటారు పక్కనే ఒక కెపాసిటర్ పెడితే ఆ అటూ ఇటూ వ్యవహారం మోటారుకీ కెపాసిటర్‌కీ మధ్యే తేలిపోతుంది. అయిదు హార్స్‌పవర్ మోటారు, పవర్ ఫ్యాక్టర్ 0.75 అనుకుని లెక్కేస్తే, లైనులోంచి ఎనిమిదిన్నర ఆంపియర్ల పైన లాగుతుంది. 2 కేవీఏఆర్ కెపాసిటర్ పెడితే ఏడు చిల్లరకి దిగుతుంది. లైనులో వేడిగా పోయే నష్టం మూడో వంతు దాకా తగ్గుతుంది. ఊళ్ళో అన్ని మోటార్లకీ ఉంటే చివరి ఇంట్లో బల్బు వెలుగు మారుతుంది.

అంటే చిన్నాయనకి కావలసిన ఫిల్టర్ కెపాసిటర్ ఆయన డబ్బాలో పెట్టాల్సింది కాదు. మూడు పొలాల అవతల బోరు దగ్గర స్టార్టర్ పెట్టెలో పెట్టాల్సింది.

మరి ఎందుకు లేదు? అదే కెపాసిటర్ పాశమైలారం ఫ్యాక్టరీల్లో మాత్రం బీరువాలంత ప్యానెళ్ళలో ఉండేది. హెచ్‌టీ కనెక్షన్ వాళ్ళకి పవర్ ఫ్యాక్టర్ 0.9 కన్నా తగ్గితే బిల్లులో సర్‌చార్జి పడేది కాబట్టి యాజమాన్యాలు కచ్చితంగా పెట్టేవి. రైతుకి మీటరే లేదు. ఎనభైల నుంచి హార్స్‌పవర్ లెక్కన చార్జీ, ఎన్టీఆర్ హయాంలో హార్స్‌పవర్‌కి ఏడాదికి 50 రూపాయలు. కెపాసిటర్ కొంటే ఖర్చు తనది, లాభం లైను మీదున్న అందరిదీ. పక్కవాళ్ళు పెట్టకపోతే తను పెట్టినా వోల్టేజి మారదు. ఎవరు మాత్రం పెడతారు? రైతుని తప్పు పట్టలేం. ఆ లెక్కలో నేనున్నా పెట్టను. చార్జీలు పెంచి దారికి తెద్దామంటే 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో ఏమైందో అందరికీ తెలుసు. 2004లో ఉచిత విద్యుత్ వచ్చాక ప్రభుత్వం రైతుల ముందు నాలుగు పనులు పెట్టింది: ఐఎస్ఐ మోటారు, నిరోధం తక్కువుండే ఫుట్ వాల్వు, ప్లాస్టిక్ పైపు, కెపాసిటర్. మంచి జాబితానే. అమలు మాత్రం మనకి తెలిసిన పద్ధతిలోనే సాగింది. అంతకన్నా ఎక్కువ పని చేసింది హెచ్‌వీడీఎస్. ఒక పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ నుంచి కిలోమీటర్ల కొద్దీ లో టెన్షన్ తీగ లాగడం మానేసి, 11 కేవీ లైనుని పొలాల దాకా తెచ్చి కొద్ది మోటార్లకి ఒక బుల్లి ట్రాన్స్‌ఫార్మర్ పెట్టడం. ఇక ఆటో స్టార్టర్లు తియ్యండి మహాప్రభో అని తెలంగాణ ప్రభుత్వం 2017లో ఊరూరా ప్రచారం చేసింది, 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలుపెట్టే ముందు.

ఈ మధ్యలో మనలాంటి వాళ్ళం ఏం చేశామంటే, ఎవరి ఇంట్లో వాళ్ళం ఫిల్టర్ కొనుక్కున్నాం. ఫ్రిజ్‌కి ఒక స్టెబిలైజర్, టీవీకి ఒకటి. 1977లో కొచ్చిలో స్టెబిలైజర్లతో మొదలైన వీ-గార్డ్ ఎంత పెద్ద కంపెనీ అయిందో చూడండి, లో వోల్టేజి మీద కట్టిన కోట అది. తర్వాత ఎస్‌ఎంపీఎస్‌లొచ్చి స్టెబిలైజర్ అవసరాన్ని కూడా చాలాచోట్ల తీసేశాయి. మీ ఫోన్ చార్జర్ మీద 100-240 అని రాసుంటుంది చదవండి. 160 దానికి లెక్కే కాదు. కానీ అది కరెంటుని ముక్కలు ముక్కలుగా కొరికి లాగుతుంది, ఆ గీతలన్నీ తిరిగి లైను మీదికి వెళ్తాయి. అందుకే ఇప్పుడు మంచి చార్జర్లలో ఫిల్టర్ ముఖం తిప్పుకుంది. బయటి మురికి లోపలికి రాకుండా కాదు, లోపలి మురికి బయటికి పోకుండా కూడా ఆపాలి. ఫ్యాక్టరీల్లో మోటార్ల వేగం మార్చే డ్రైవ్‌లకీ ఇదే గొడవ.

పెళ్ళి తర్వాత చిన్నాయన సెట్టుకి "బుర్ర్ సెట్టు" అని పేరు పడిపోయింది. సీజన్ సీజన్‌కీ బుకింగులు తగ్గాయి. 1998లో హారన్లు అమ్మేశాడు, ఈ డబ్బా మాత్రం అమ్మలేదు. తర్వాత ఫ్యాక్టరీలోనే రిటైరయ్యాడు. ఆయన ఫ్యాక్టరీలో చేసిన పనేంటో నేను మొన్నటిదాకా సరిగ్గా అడగనేలేదు. అటక మీది డబ్బా ముందు కూర్చుని, మోటార్లు, కెపాసిటర్లు, మూడు పొలాలు అని నేను కనిపెట్టిన గొప్ప సంగతంతా ఉత్సాహంగా వివరించాను. చివరిదాకా విన్నాడు.

"గా ముచ్చట నాకు అప్పుడే ఎర్కరా" అన్నాడు. "నేను ఫ్యాక్టరీల జూసేదే కెపాసిటర్ ప్యానెల్ గదా. ఒక్క బ్యాంకు పోతే మీటర్ల ఎంత ఫరక్ పడ్తదో దినాం జూస్తుంటి. ముల్లు 160 జూసిన్నాడే సమజైంది."

"మరి చెప్పొచ్చు కదా చిన్నాయనా, ఆయన అట్లా తిడుతుంటే!"

"ఏమని జెప్పాలె? నీ పొలంల మోటర్ బంద్ జెయ్యి, నా మైకు మంచిగైతది అనాల్నా? పిల్ల పెండ్లి జేస్తుండు, బయట నారు ఎండుతుంది."

"మరి ఆ కొత్త 4700లు ఎందుకు తెచ్చినవ్? డయోడ్లు ఎందుకు పోగొట్టుకున్నవ్?"

"మనం జేసేది మనం జెయ్యాలె గద" అని నవ్వాడు.

డబ్బాని నేరుగా ప్లగ్గులో పెట్టబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాడు. ఇన్నేళ్ళు ఖాళీగా ఉన్న ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లకి ఒక్కసారిగా పూర్తి వోల్టేజి ఇస్తే పేలే ప్రమాదముంది. లోపలి ఆక్సైడ్ పొర మళ్ళీ నెమ్మదిగా కట్టుకోవాలి. ఉబ్బినవాటిని తీసేయించి, కొత్తవి వేయించి, వంద వాట్ల బల్బు ఒకటి సిరీస్‌లో కట్టించాడు. ఎల్‌ఈడీ కాదు, పాత రకం ఫిలమెంట్ బల్బు, దానికోసం రెండు షాపులు తిరిగాను. స్విచ్చు వేస్తే బల్బు ఒక్కసారి భగ్గున వెలిగి, మెల్లగా మసకబారి, ఆరిపోయినంత పనైంది. డయోడ్లు బతికాయి. అప్పుడు బల్బు తీసేసి నేరుగా పెట్టాం. గోడలో 232 ఉంది. వాల్యూమ్ మొత్తం తిప్పి స్పీకర్‌కి చెవి ఆనించాను. ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు.

ఆయన మైకు అందుకుని రెండుసార్లు వేలితో కొట్టి, "హలో, మైక్ టెస్టింగ్, వన్ టూ త్రీ" అన్నాడు. వంటింట్లోంచి చిన్నమ్మ, ఆ డబ్బా మళ్ళీ ఎందుకు దించారని అరిచింది.